మంగళవాడలో మా పాత షెవర్లే

బెంగుళూరులో స్థిరపడి మూడు తరాలు గడచినా, "మీ సొంత ఊరేది?" అని ఎవరైనా అడిగితే మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా మంగళవాడ అనే చెబుతారు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఊరది. అక్కడ బడిలోను, పంచాయతీ కచేరీలోను కన్నడం. ఇంట్లో, కళ్ళంలో, రచ్చబండ మీద తెలుగు. రెండు భాషలూ ఒకే నోట ఎప్పుడు మారుతున్నాయో మాట్లాడే వారికే తెలియదు.

మొన్న దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి మేము ఆ ఊరు వెళ్ళి వచ్చాము. పండుగలకు వెళ్ళడం మాకు కొత్త కాదు. అయితే ఈ రెండు పర్యాయాలూ మమ్ములను లాగినది పండుగ కాదు, పశువుల కొట్టం ప్రక్క ముప్ఫయి ఏండ్లకు పైగా కదలక నిలిచిన ఒక మోటారు బండి. ఆ కథ మన కుటుంబాలవారికి చెప్పదగినదని తోచి వ్రాస్తున్నాము.

బెంగుళూరు నుండి దాబస్‌పేట, కొరటగెరె, మధుగిరి మీదుగా వెళ్ళినాము. మధుగిరిలో ఒకే రాయిగా లేచిన ఆ కొండను, దాని మీది కోట గోడలను ఎన్నిసార్లు చూచినా పిల్లలు బండి ఆపమంటారు. మధుగిరి దాటిన తరువాత దారి కొంత దూరం ఆంధ్రలోని మడకశిర ప్రాంతంలోకి దూరి, మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. పటం తీసి చూస్తే పావగడ తాలూకా దాదాపు ద్వీపంలాగా కనబడుతుంది. చుట్టూ చాలా మేరకు ఆంధ్ర నేలే. మన పెద్దలు సంతకు హిందూపురం, పెళ్ళి సంబంధానికి పెనుకొండ, కచేరీ పనికి తుమకూరు వెళ్ళేవారంటే ఆశ్చర్యం లేదు. రాజ్యాలు మారినవి. మైసూరు సంస్థానం పోయింది, 1956లో రాష్ట్రాలు కొత్తగా ఏర్పడ్డాయి, 1973లో మైసూరు రాష్ట్రం కర్ణాటక అయింది. సంతలు మాత్రం మారలేదు.

ఎర్రనేల, గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వేరుశనగ చేలు, చింతచెట్లు. వాన కురిస్తే పంట, లేకపోతే వలస. పావగడ పేరు వినగానే ఈనాటి వారు శని మహాత్మ దేవస్థానాన్నో, తిరుమణి దగ్గర సుమారు 13,000 ఎకరాలలో పరచిన సూర్యవిద్యుత్ పలకలనో తలచుకొంటారు. 2018లో మొదలై, పూర్తయ్యేసరికి 2,050 మెగావాట్ల శక్తి గల కేంద్రం అయింది అది. రైతులు భూమి అమ్మలేదు, కౌలుకు ఇచ్చినారు. దారిలో ఆ నీలిపలకల సముద్రాన్ని చూపించి, "ఎండే మన పంట అని ఇప్పటికి తెలిసింది" అని మా పెద్దనాయన నవ్వినారు.

ఇక బండి సంగతి. అది 1951 నాటి షెవర్లే అరటన్ను పికప్పు. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయిలో కూర్పు కర్మాగారం తెరచి, 1954లో మూసివేసినారు. విడిభాగాలు ఓడలో వచ్చేవి, బండి ఇక్కడ తయారయ్యేది. మా తాతగారు దానిని 1958లో బెంగుళూరులో ఒకరి వద్ద పాతదిగా కొని తెచ్చినారు. ఊళ్ళో దానికి ఎవ్వరూ షెవర్లే అనరు. "షావర్లెట్టు" అనేదే పేరు. వేరుశనగ మూటలు హిందూపురం మిల్లుకు మోసినది అదే. పెళ్ళికూతుళ్ళను సాగనంపినది అదే. మా పిన్నమ్మను ప్రసవానికి తీసికొని వెళ్ళినదీ అదే. 1960 నుండి నడిపినవారు మా పెద్దనాయన. వారికి ఇప్పుడు ఎనభై దాటినవి.

1989లో ఒక రాత్రి మా నాయనగారికి గుండెనొప్పి వచ్చింది. పెద్దనాయన వారిని బండిలో పడుకోబెట్టి బెంగుళూరుకు బయలుదేరినారు. జీవితంలో ఎన్నడూ తోలనంత వేగంగా తోలినారు. మధుగిరి దాటిన కొంతసేపటికి ఇంజనులో సుత్తితో కొట్టినట్లు చప్పుడు పుట్టి బండి ఆగిపోయింది. దారిన వచ్చిన లారీ ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చేసరికి గంట పైన ఆలస్యమయింది. మూడవనాడు మా నాయన పోయినారు. ఆ గంట వల్ల కాదని డాక్టరు స్పష్టంగానే చెప్పినారు. పెద్దనాయన నమ్మలేదు. ఇంకొక లారీకి కట్టి బండిని ఊరికి లాగించుకొని వచ్చి, కొట్టం ప్రక్క నిలిపి, తాళంచెవి దేవుని గూట్లో పెట్టినారు. మళ్ళీ తీయలేదు.

మా అన్నగారి కొడుకు మెకానికల్ డిప్లొమా చదివి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి ఏడు ఒక పాతబండ్ల వ్యాపారి వచ్చి షెవర్లేకు బేరం పెట్టినప్పుడు వాడే అడ్డుపడినాడు. "అమ్మవద్దు, నేను నడిపిస్తాను. కాని అందులో కొత్త గేరుబాక్సు వేయాలి" అన్నాడు. పెద్దనాయనకు మొదటి మాట నచ్చింది, రెండవ మాట నచ్చలేదు. "గేరుబాక్సు చెడిపోలేదు కదరా! బాగున్న దానిని పీకి పారేసేది ఏం తెలివి?" అన్నారు. ఇద్దరూ నెలరోజులు మాట్లాడుకోలేదు. ఆ సంధి కుదర్చడానికే మేము దసరాకు వెళ్ళినాము.

వాడు చెప్పిన కారణం వినవలసినదే. ఆ నాటి 216 ఘనపుటంగుళాల షెవర్లే ఇంజనులో కనెక్టింగు రాడ్ల బేరింగులు విడిగా మార్చుకొనేవి కావు. బాబిట్ అనే మెత్తని లోహం కరిగించి రాడ్డులోనే పోసేవారు. ఆ రాడ్ల అడుగున చిన్న గరిటెలుండి, తొట్టిలోని నూనెను తోడి చల్లుకొంటాయి. నిదానంగా నడిస్తే ఆ ఏర్పాటు ఏండ్ల తరబడి పనిచేస్తుంది. చాలాసేపు అతివేగంగా తిప్పితే నూనె చాలక, మెత్తని లోహం అరిగి, రాడ్డు కొట్టుకొంటుంది. 1989లో జరిగినది అదే. పాత గేరుబాక్సులో ముందుకు మూడే గేర్లు. పైగేరులో ఇంజను ఎంత తిరిగితే వెనుకకు పోయే షాఫ్టు అంతే తిరుగుతుంది. వెనుక ఇరుసులో 4.11 చుట్లకు చక్రం ఒక చుట్టు. గంటకు 80 కిలోమీటర్లు పోవాలంటే ఇంజను నిమిషానికి సుమారు 2,450 చుట్లు తిరగాలి. ఐదు గేర్ల బాక్సు పెట్టి, ఐదవ గేరు నిష్పత్తి 0.8 అనుకొంటే, అదే వేగానికి 1,960 చాలు. "ఇంజను తాత కాలానిదే ఉంటుంది. దాని ఊపిరి ఆడేటట్లు చేయడానికే కొత్త గేరుబాక్సు" అన్నాడు వాడు.

గేరుబాక్సు ఒక్కటి మార్చి ఊరుకొనే వీలు లేదు, ఇందులో ఉన్న చిక్కు అదే. ఈ కాలపు బండ్ల క్రింద చూస్తే గేరుబాక్సు నుండి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు బయటికి కనబడుతూ తిరుగుతుంటుంది. మా షెవర్లేలో అది కనబడదు, లావైన గొట్టం లోపల దాగి ఉంటుంది. ఆ గొట్టం షాఫ్టుకు తొడుగు మాత్రమే కాదు. ఎద్దులు లాగిన బలం నొగ గుండా బండికి ఎలా చేరుతుందో, అలాగే చక్రాలు తోసిన బలం ఆ గొట్టం గుండా ముందుకు వచ్చి బండిని నెడుతుంది. దాని ముందు చివర గేరుబాక్సు వెనుక ఒక గుండులో కూర్చొంటుంది. షెవర్లే వారు ఈ పద్ధతిని 1955లో ఈ పికప్పులకు వదలి, బయటి షాఫ్టుకు మారినారు. కనుక కొత్త గేరుబాక్సు పెడితే గొట్టం పోవాలి. గొట్టం పోతే దానితో కలిసిన ఇరుసూ పోవాలి. అప్పుడు చక్రాల తోపు బలమూ, ఇరుసు మెలిపెట్టే బలమూ కమాను పట్టీలే మోయాలి. ఒక గొలుసు కొక్కెం విప్పితే గొలుసంతా విడినట్లు ఉన్నది పని.

అమెరికాలో ఇటువంటి పాత షెవర్లేలకు షెవర్లే ఎస్-10 అనే చిన్న పికప్పులోని ఐదు గేర్ల బాక్సు వేసుకొంటారు. అది పాత బెల్ హౌసింగుకు పెద్ద మార్పులు లేకుండా బిగుస్తుంది. మన దేశంలో ఆ బాక్సు దొరకదు. మావాడు జె.సి. రోడ్డులో తిరిగి తిరిగి, మన జీపు జాతి పికప్పులో వచ్చే ఐదు గేర్ల బాక్సు ఒకటి పట్టుకొన్నాడు. దానికీ పాత ఇంజనుకూ పొత్తు కుదరదు. మధ్యన మందమైన ఇనుప పలక ఒకటి లేత్ మీద చెక్కించాలి. దాని నడిమి రంధ్రం ఇంజను నడిమికి వెంట్రుకవాసి తప్పితే క్లచ్చి పదే పదే చెడుతుంది, బేరింగు తినివేస్తుంది. క్లచ్చి ప్లేటు బయటి కొలత పాత బండిది, నడిమి పళ్ళు కొత్త గేరుబాక్సువి. ఇంజను చివర షాఫ్టు ముక్కు కూర్చొనే బుష్షు గన్‌మెటలుతో కొత్తగా చేయించాలి. ఇవన్నీ హిందూపురంలో పెద్ద వయసు మేస్త్రి ఒకరు చేసి పెట్టినారు. బాబిట్ పోత పోయడం చేతనైనవారు ఈనాడు అరుదు. అదీ ఆయనే పోసినారు.

మేము వెళ్ళినప్పటికి అన్నీ సిద్ధం. వెనుకకు ఒక పాత జీపు ఇరుసు తెచ్చి కొట్టంలో దిమ్మల మీద పెట్టి ఉన్నాడు. పెద్దనాయన దూరంగా మంచం మీద కూర్చొని చూస్తున్నారు. రెండవనాడు ఉదయం ఎవరినీ పలకరించకుండా వచ్చి, సుద్దముక్క తీసికొని, ఒక చక్రానికి, షాఫ్టు తగిలించే చోటికి గీతలు గీసినారు. ఒక వైపు చక్రాన్ని మమ్ములను కదలకుండా పట్టుకోమన్నారు. రెండవ వైపు చక్రాన్ని తామే సరిగా రెండు చుట్లు త్రిప్పుతూ, షాఫ్టు చుట్లు లెక్కపెట్టమని మనుమడికి చెప్పినారు. ఐదు చుట్లు పూర్తయి, ఆరవది మూడోవంతుకు కొంచెం పైగా తిరిగింది.

"ఎంతబ్బా?" అన్నారు.

"ఐదుంబావు మీద కొంచెం, జేజినాయనా" అన్నాడు వాడు. పాత విల్లీస్ జీపుల ఇరుసు నిష్పత్తి 5.38 అన్న సంగతి వానికి అప్పుడు గుర్తు వచ్చింది.

"నీ ఐదో గేరు 0.8 అంటివి. దీంతో గుణించు."

వాడు గుణించినాడు. 4.30 వచ్చింది. పాత బండిలో ఉన్నది 4.11. అంటే ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని మార్చి, ఇంజను మునుపటి కంటె ఎక్కువే తిరిగేది! వాని ముఖం చూడలేకపోయినాము. పెద్దనాయన నవ్వలేదు, దెప్పలేదు. "ఇరుసు మార్చుకో. నాలుగుకు దగ్గర్లో ఉండేది చూడు. మార్చేటిది మార్చినట్ల ఉండల్ల" అన్నారు. ఆ మాటతో నెలరోజుల మౌనం ముగిసింది. వారు వద్దన్న పనికి వారే లెక్క సరిచేసినారు.

ఆ సాయంత్రం వారు మాతో మాత్రం ఒక మాట అన్నారు. "ఆ పొద్దు ఇంత లెక్క నాకు తెలిసింటే నిదానంగానే తోలేవాణ్ణి." మేము ఏమీ అనలేకపోయినాము.

సంక్రాంతికి వెళ్ళేసరికి వేరే ఇరుసు వచ్చి బిగిసి ఉన్నది. దాని నిష్పత్తి నాలుగుకు కొంచెం పైన. అయితే దాని చక్రాలకు ఐదేసి బోల్టులు, షెవర్లే ముందు చక్రాలకు ఆరేసి. కొత్తగా రంధ్రాలు పొడవమంటే మేస్త్రి ఒప్పుకోలేదు. ఒకే వలయం మీద పాత రంధ్రాల ప్రక్కనే కొత్తవి పొడిస్తే బలం పోతుందట. కనుక బండిలో ఇప్పుడు రెండు స్పేరు చక్రాలు, ముందుకొకటి, వెనుకకొకటి. "ఇద్దరు కోడండ్లను తెచ్చుకొన్నట్లుంది" అని మా పిన్నమ్మ హాస్యం.

షాఫ్టు సంగతి కూడా ఇద్దరం ముగ్గురం కలిసి నేర్చుకొన్నాము. పొడవు కొలిచేటప్పుడు బండి బరువంతా చక్రాల మీద ఉండాలి. జాకీ మీద ఎత్తి కొలిస్తే తప్పు. జారే చివర ఒక అంగుళం వెసులుబాటు ఉండాలి, లేకపోతే గుంటలో దిగినప్పుడు షాఫ్టు గేరుబాక్సును పొడుస్తుంది. రెండు చివరల క్రాసులు ఒకే వరసలో నిలవాలి. గేరుబాక్సు చివర ఎంత వాలితే, ఇరుసు ముక్కు దానికి సమాంతరంగా అంతే వాలాలి. ఒక్క క్రాసు వాలుగా తిరిగినప్పుడు షాఫ్టు ఒక చుట్టులోనే వేగం పెంచుకొంటూ తగ్గించుకొంటూ పోతుంది. రెండవ క్రాసు అదే వాలులో ఉంటే ఆ హెచ్చుతగ్గును సరిచేస్తుంది. ఒక లేత్ షాపులో చేయించిన మొదటి షాఫ్టు వరస తప్పి, బండి చలిజ్వరం వచ్చినట్లు వణికినది. మళ్ళీ విప్పి, వరస సరిచేసి, యంత్రం మీద తూకం చూపించిన తరువాత కుదుటపడింది.

మావాడు చేసిన మరొక మంచిపని, చట్రం మీద ఎక్కడా కోత పెట్టలేదు. గేరుబాక్సును మోసే అడ్డపట్టీని కూడా అతికించక, బోల్టులతోనే బిగించినాడు. పాత గేరుబాక్సు, గొట్టం, ఇరుసు నూనె పూసి గోతాలలో చుట్టి, చీటీలు కట్టి అటక మీద పెట్టించినాడు. ఎప్పుడైనా ఎవరికైనా బుద్ధి పుడితే బండిని తాత కాలానికి మళ్ళీ త్రిప్పవచ్చు.

కాగితాల మాట కూడా చెప్పాలి; మన వారిలో పాతబండ్లు ఉన్నవారు ఇంకా ఉండవచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రం, పై తొడుగు, ఇంజను పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండిని వింటేజి బండిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము. అయితే దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతు వంటి పనులకే తప్ప నిత్యం తోలరాదు. ఆ వాక్యంలో గేరుబాక్సు పేరు లేదు. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తున్నది. అందువల్ల కార్యాలయంలో అడిగి, వ్రాతలో జవాబు వచ్చేవరకు బండి రోడ్డెక్కకూడదని పెద్దనాయన ఆజ్ఞ. ప్రస్తుతం అది మా పొలం గట్ల దారిలోనే తిరుగుతున్నది.

కనుమనాడు ఉదయం బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, దేవుని గూట్లోని తాళంచెవి తీసినారు. పెద్దనాయననే స్టీరింగు వద్ద కూర్చోబెట్టినాము. ఇంజను ఒకటి రెండుసార్లు దగ్గి అందుకొన్నది. పాత బండికి గేరు కర్ర స్టీరింగు క్రిందనే ఉండేది. కొత్త బాక్సుకు కర్ర నేల మీద లేచి ఉన్నది. పెద్దనాయన క్లచ్చి తొక్కి, చేయి అలవాటుగా స్టీరింగు క్రిందికి పోనిచ్చినారు. అక్కడ పాత కర్ర అలాగే ఉన్నది. మావాడు దానిని విడదీసినాడే గాని ఊడబెరకలేదు. చేతికి తగిలింది, కదిలింది, కాని ఏమీ కాలేదు.

వారు ఒక్క క్షణం ఆగి, మనుమని వైపు చూచి, "దీన్ని ఎందుకు పెట్టినావు?" అన్నారు.

"నీ చెయ్యి వెతుకుతాదని, జేజినాయనా."

వారు కళ్ళు తుడుచుకొన్నారో, కండువా సర్దుకొన్నారో మాకు తెలియలేదు. నేల మీది కర్ర పట్టుకొని, మనుమని చేయి తమ చేయి మీద పెట్టించుకొని, మొదటి గేరు వేసినారు. బండి కదిలింది. చింతచెట్టు దాటి, కళ్ళం దాటి, చేని గట్టు దారిలో కొంతదూరం పోయి తిరిగి వచ్చింది. అంత చిన్న దారిలో ఐదవ గేరుకు అవకాశమే లేదు. "దానికి బెంగుళూరు రోడ్డు కావల్ల" అన్నారు దిగుతూ. 1989 తరువాత వారి నోట బెంగుళూరు రోడ్డు మాట వినడం మాకు అదే మొదటిసారి.

కాగితం వచ్చిన నాడు ఆ దారిన తప్పక బయలుదేరుతాము. మధుగిరి దాటినాక ఆ బండి ఆగిన చోట ఒక్క నిమిషం నిలిపి, మా నాయనను తలచుకొని, మళ్ళీ నిదానంగా సాగాలని మా కోరిక. మన పాఠకులలో ఎవరైనా ఆ దారిలో రెండు స్పేరు చక్రాల ఆకుపచ్చ షావర్లెట్టును చూస్తే చేయి ఎత్తండి. ఆపి, కాచిన వేరుశనక్కాయలు పెట్టి గాని పంపము.